నిమ్మ ఆకు మీది వెండి చార: ఒక చిన్న రెక్కల పురుగును గుడ్డు నుంచి పేరు దాకా వెంబడించిన నా అనుభవం

నిమ్మ చెట్టు లేత ఆకు మీద వెండిలా మెరిసే వంకర చారను అందరం చూస్తాం. రైతులు పాము పొడ అంటారు, వ్యవసాయ పుస్తకాల్లో ఆకు తొలుచు పురుగు అని ఉంటుంది. చారను చూసినవాళ్ళు చాలామందే కానీ, దాన్ని గీసిన పురుగును చూసినవాళ్ళు తక్కువ. ఆ పురుగు రెక్కలు తొడిగి ఎగిరిపోవడం చూసినవాళ్ళు ఇంకా తక్కువ. హన్మకొండలో మా పెరటి నిమ్మ చెట్టు మీద, నర్సంపేట దగ్గర మా అమ్మవాళ్ళ చెలకలోని బత్తాయి మొక్కల మీద ఆ పురుగు బతుకంతా చూసి, దాని పేరు తేల్చుకున్న క్రమం ఇక్కడ రాస్తున్నాను. ఇంత చిన్న పురుగుల విషయంలో సగం కంటే ఎక్కువ సాక్ష్యం ఆకులోనే ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. అందుకే రెక్కల పురుగు కంటే ఆకు గురించే ఎక్కువ రాస్తాను.

ఎండాకాలమంతా మా నిమ్మ చెట్టు ముదురాకులతో అట్లే నిలబడి ఉంటుంది. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాయంటే ఒక్కసారిగా ఇగురు వేస్తుంది. ఆ ఇగురుతో పాటే చారలూ వస్తాయి. ముదురాకు మీద కొత్త చార ఎప్పుడూ రాదు. తల్లి పురుగు మెత్తని లేత ఆకునే వెతుక్కొని గుడ్డు పెడుతుంది. వేసవిలో ఇగురు లేదు కాబట్టి పురుగు కూడా కనిపించదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎప్పుడు వెతకాలో తెలిసిపోతుంది.

మా అత్తగారికి ఆ చెట్టంటే ప్రాణం. ఇగురంతా ముడుచుకొనేసరికి ఆమెకు టెన్షన్ మొదలైంది. "గా ఆకులన్నీ ముడుసుకపోయినయ్ బిడ్డా, చెట్టుకు ఏదో తాకింది. మందు తెచ్చి కొట్టియ్యరాదు?" అని రోజూ అడిగేది. ఆమె భయానికి కారణం ఉంది. ఈ ప్రాంతంలో ముడత అనే మాట వింటేనే గుండె జారుతుంది. 2021లో నల్ల తామర పురుగు వరంగల్, మహబూబాబాద్ వైపు మిర్చి తోటలను ఎట్లా తుడిచిపెట్టిందో అందరికీ గుర్తే. మిర్చి రైతును అడిగితే ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని నిద్రలో లేపినా చెప్తాడు. ఆ లెక్కతోనే నిమ్మ ముడతను కూడా చూస్తారు, దుకాణానికి వెళ్ళి ముడత మందు అడుగుతారు. నేను మాత్రం ముందు లోపల ఏముందో చూద్దామని అత్తగారిని కొంచెం ఆగమన్నాను.

మొదటి పని చాలా సులువు. చార ఉన్న లేత ఆకును కొమ్మ మీదే ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొన్నాను. మొబైల్ కెమెరాకు తగిలించే మాక్రో లెన్స్ ముందే ఉంది. చార ఒక చివర సన్నగా మొదలై, మెలికలు తిరుగుతూ వెడల్పవుతూ పోయి, ఇంకో చివర ఆగుతుంది. వెడల్పుగా ఉన్న ఆ చివర్లోనే పురుగు ఉంటుంది. పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగు, ఒళ్ళు చదునుగా, లోపలి పేగు కూడా కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. కాళ్ళు లేవు. బాగా ఎదిగినా పొడవు 3 మిల్లీమీటర్లు దాటదు. తల ముందుకు చొచ్చుకొని చదునుగా ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే ఆ తల కుడికీ ఎడమకూ ఊగుతూ ఆకు పైపొరను కోసుకుంటూ పోవడం కనిపిస్తుంది. నేను మొదటిసారి దాన్ని చూసినప్పుడు మా అత్తగారిని కూడా పిలిచి చూపించాను. ఆమె భూతద్దం చాలాసేపు వదల్లేదు.

ఈ పురుగు తినే తీరు తెలిస్తేనే చార ఎందుకు వెండిలా మెరుస్తుందో అర్థమవుతుంది. ఆకులో పైపొర, దాని కింద ఆకుపచ్చ కణాలు, మళ్ళీ కింది పొర ఉంటాయి. చాలా ఆకు తొలిచే పురుగులు మధ్యలోని ఆకుపచ్చ కణాలను తింటాయి. అవి తిన్నచోట ఆకును వెలుతురుకు పెడితే అద్దంలా కనిపిస్తుంది. నిమ్మ మీది పురుగు అట్లా కాదు. అది తాను ఉన్న వైపు, ఆకు పైనైనా అడుగునైనా, బయటి పొర కణాలను మాత్రమే దవడలతో చీల్చి అందులోని రసం తాగుతుంది. అన్నిటికంటే పైన ఉండే పలుచని మైనపు పొర పైకి లేస్తుంది, దాని కిందికి గాలి చేరుతుంది, అందుకే ఆ మెరుపు. కింద ఆకుపచ్చ భాగం దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. అంటే ముడుచుకున్న ఆకు కూడా చెట్టుకు ఇంకా అన్నం వండి పెడుతూనే ఉందన్నమాట. ఈ మాట తర్వాత మందు కొట్టాలా వద్దా అన్నప్పుడు నాకు చాలా పనికొచ్చింది.

ఇక చార మధ్యలోని నల్ల గీత. అది పురుగు విసర్జన. గుర్తింపులో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే ఆనవాలు ఇదే. మా మిద్దె మీద కుండీల్లో టమాటా, చిక్కుడు ఉన్నాయి. వాటి ఆకుల మీద కూడా ఇట్లాంటి వంకర చారలే వస్తాయి, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కానీ అవి గీసేది ఒక చిన్న ఈగ పిల్ల, లిరియోమైజా ట్రైఫోలి. అమెరికా ఖండం నుంచి వచ్చి 1990ల మొదటి నుంచి మన దేశంలో స్థిరపడిన ఈగ అది. రెండు ఆకులను పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే తేడా స్పష్టంగా దొరుకుతుంది. ఈగ పిల్ల విసర్జన చారకు ఒకసారి ఈ అంచున, ఒకసారి ఆ అంచున మారుతూ ముక్కలు ముక్కలుగా పడుతుంది. నిమ్మ పురుగుది చార నడిమధ్యలో ఒకటే గీతగా సాగుతుంది. ఈగ పిల్లకు విడిగా తల అంటూ కనిపించదు, ముందు భాగంలో నల్లని నోటి కొక్కెం ఒకటి ఆడుతుంటుంది. నిమ్మ పురుగుకు తల స్పష్టంగా ఉంటుంది. టమాటాలో ఇంకో చిక్కు కూడా ఉంది. 2014లో మహారాష్ట్రలో బయటపడి తర్వాత దక్షిణాది అంతా పాకిన టూటా అబ్సొల్యూటా అనే రెక్కల పురుగు పిల్లలు కూడా టమాటా ఆకును తొలుస్తాయి. అవి వంకర చారగా కాకుండా మచ్చలాగా, వెడల్పుగా తింటాయి, కాయలోకి కూడా దూరుతాయి. ఒక్క టమాటా ఆకు మీదే రెండు వేర్వేరు జాతుల పనితనం ఉండొచ్చు. అందుకే "ఆకు తొలిచింది" అన్న మాటతో ఆగిపోతే ఏమీ తేలదు.

మా బాపు పల్లి పండించిన మనిషి. ఫోన్‌లో వీడియో చూపిస్తే, "పల్లిల గిసొంటిదే వస్తది బిడ్డా. ముందు ఆకుల మచ్చ పెడ్తది, తర్వాత రెండాకులు దగ్గరికి అంటించుకొని నడుమ కూసుంటది" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పల్లి, సోయా ఆకులను తొలిచే అప్రోఎరేమా మోడిసెల్లా చిన్నప్పుడు ఆకులోపల ఉంటుంది, కొంచెం ఎదగగానే బయటికి వచ్చి ఆకులను దారంతో కలిపి గూడు చేసుకుంటుంది. నిమ్మ పురుగు అట్లా బయటికి రాదు. ఏ ఆకులో పుట్టిందో ఆ ఆకులోనే, ఆ చారలోనే పెరిగి, అక్కడే రెక్కలు తొడుగుతుంది. ఒక చార అంటే ఒక పురుగు. ఒక ఆకు మీద రెండు మూడు చారలుంటే లోపల రెండు మూడు పురుగులు పుట్టినట్టే. బాపు కంటికి అందిన తేడా నాకు పుస్తకంలో దొరికిన దానికంటే ముందే దొరికింది.

గుడ్డు వెతకడం మాత్రం కళ్ళకు పరీక్ష. వేలి గోరంత ఉన్న ఇగురాకు మీద, ఎక్కువగా అడుగున, నడిమి ఈనెకు దగ్గరగా పెడుతుంది. ఒక్కోచోట ఒక్కోటే పెడుతుంది, గుంపుగా పెట్టదు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, రంగు లేదు. మామూలుగా చూస్తే ఆకు మీది తడి అనుకుంటాం. ఆకును కొంచెం వాల్చి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే చిన్నగా తళుక్కుమంటుంది. తడి అయితే కాసేపటికి ఆరిపోతుంది, గుడ్డు పోదు. సాయంత్రం చీకటి పడే వేళ తల్లి పురుగులు గుడ్లు పెడతాయి కాబట్టి, తెల్లారి ఇగుర్లు చూడటం మంచిది. గుడ్డు దొరికిన ఆకు కాడకు రంగు దారం వదులుగా కట్టి పెట్టుకున్నాను. ఆ దారం కట్టిన ఆకులే ఈ మొత్తం పనికి ఆధారం. గుడ్డు పొదిగాక పురుగు బయటికి రాకుండా, గుడ్డు అడుగునుంచే నేరుగా ఆకులోకి దూరుతుంది. గుడ్డు ఖాళీ పెంకు అక్కడే ఉండిపోతుంది, దాని కిందినుంచి వెంట్రుకంత సన్నని చార మొదలవుతుంది.

పుస్తకాల్లో ఈ పురుగు జీవితకాలం ఇట్లా ఉంటుంది: గుడ్డు దశ 2 నుంచి 10 రోజులు, పురుగు దశ 5 నుంచి 20, ప్యూపా దశ, అంటే రెక్కలు రావడానికి ముందు గూట్లో తినకుండా ఉండే దశ, 6 నుంచి 22. అంత తేడా ఎందుకంటే వాతావరణాన్ని బట్టి మారుతుంది, చలిలో నెమ్మది, వేడిలో తొందర. మన వానాకాలపు ఉక్కలో అన్నీ తక్కువ అంకెల వైపే నడుస్తాయి. మధ్యలో పురుగు కుబుసం విడుస్తూ నాలుగు దశలు దాటుతుంది. మొదటి మూడింటిలో తినడమే పని. నాలుగో దశలో నోరు మూతపడుతుంది. అప్పుడది తినదు, తిరగదు. ఆకు అంచుకు చేరి పట్టుదారం వదులుతుంది. ఆ దారం ఆరుతూ బిగుసుకుంటే ఆకు అంచు లోపలికి మడతపడుతుంది. ఆ మడతలో ప్యూపా. మా అత్తగారు చూసి భయపడ్డ ముడతలో కొంత చార వల్ల ఆకు సరిగ్గా పెరగక వచ్చింది, ఇంకొంత పురుగు తానే అల్లుకున్న గది. అంచు మడతను గోటితో కొంచెం తెరిస్తే గోధుమరంగు ప్యూపా కనిపిస్తుంది. దాని తల మీద సన్నని ముల్లు ఒకటి ఉంటుంది. బయటికి రావడానికి గూడును చీల్చుకునే పనిముట్టు అది. ఈ జాతి కుటుంబంలో శాస్త్రవేత్తలు ఒక పురుగుకూ ఇంకో పురుగుకూ తేడా చెప్పడానికి ఆ ముల్లు ఆకారాన్ని చూస్తారు. రెక్కలు రాకముందే ఇంత గుర్తింపు దాచుకొని ఉండటం నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చిన విషయం.

రెక్కల పురుగును పట్టుకోవడం ఇంకో మెట్టు. బయట ఎగిరేదాన్ని పట్టుకొని లాభం లేదు. ఏ ఆకు నుంచి వచ్చిందో తెలియని పురుగుకు పేరు చెప్పడం కష్టం. వ్యవసాయ కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది: "అత్తమ్మా, ఆకు తెంపకు. తెంపితే ఎండుతది, లోపల పురుగు కూడా పోతది. కొమ్మ మీదనే కట్టు." అట్లాగే ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ పెట్టి ఇచ్చే జాలీ సంచులు మా ఇంట్లో బోలెడున్నాయి, వాటిని చారలున్న ఇగుర్లకు తొడిగి దారం లాగి ముడి వేశాను. గాలి ఆడుతుంది, పురుగు బయటికి పోదు, చీమలు లోపలికి రావు. ఇంకొన్ని, అంచు మడత పూర్తయిన ఆకులున్న చిన్న రెమ్మలను కోసి నీళ్ళ సీసాలో పెట్టి, సీసా మూతి దగ్గర దూదితో మూసి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించాను. ప్యూపా దశకు వచ్చినదానికి తిండి అవసరం లేదు, ఆకు తాజాగా ఉంటే చాలు.

ఈ పురుగు తెల్లారుజామున బయటికి వస్తుంది. అందుకని నేను లేవగానే ముందు డబ్బాలు చూసేదాన్ని. మొదట వచ్చింది మాత్రం రెక్కల పురుగు కాదు! పసుపు ఒంటి మీద నల్ల గీతలున్న చిన్న కందిరీగ జాతి పురుగు, మిల్లీమీటరు పైచిలుకు ఉంటుందేమో. డబ్బా గోడ మీద మీసాలు ఆడిస్తూ తిరుగుతోంది. అదెక్కడి నుంచి వచ్చిందో ఆకు చూస్తే తెలిసింది. చార మధ్యలో నల్లని చిన్న ప్యూపా పొట్టు, పైపొరలో గుండ్రంగా కొరికిన రంధ్రం. నిమ్మ పురుగు ప్యూపా ఎప్పుడూ అంచు మడతలోనే ఉంటుంది, చార నడుమ ఉండదు. అంటే చారలోని పురుగును తిని పెరిగిన బదనిక అది, యూలోఫిడే కుటుంబానికి చెందింది. తల్లి కందిరీగ ఆకు మీద నడుస్తూ, పైపొర మీది నుంచే లోపలి పురుగు మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ పురుగును తిని అక్కడే ప్యూపా అవుతుంది.

దీన్ని చూశాక చెట్టు మీది పాత ఆకులన్నీ వేరేగా కనిపించాయి. కంటికి ఎండిపోయిన పాత చార ప్రతిదీ ఒక చరిత్ర చెప్తుంది. అంచు మడత చివర ప్యూపా పొట్టు సగం బయటికి వేలాడుతుంటే రెక్కల పురుగు క్షేమంగా వెళ్ళిపోయింది. చారలో గుండ్రని రంధ్రం ఉంటే బదనిక వెళ్ళింది. చార మధ్యలోనే ఆగి, పొర చిరిగి, లోపల ఏమీ లేకపోతే ఏ చీమో, అల్లిక రెక్కల పురుగు పిల్లో, సాలీడో లాక్కుపోయింది. మా చెట్టు పాత ఆకులను ఓపికగా తిరగేస్తే, రెక్కలు తొడిగి వెళ్ళినవాటి కంటే మధ్యలో ఆగిపోయిన బతుకులే ఎక్కువ కనిపించాయి. మందు కొట్టని పెరడు కాబట్టి ఈ మిత్ర పురుగులు ఉన్నాయి.

రెక్కల పురుగు కూడా వచ్చింది, ఒక రెమ్మ నుంచి ఒకటి, ఇంకో రెమ్మ నుంచి ఇంకోటి. డబ్బా గోడకు అంటుకొని కూర్చుంటే నువ్వు గింజ కంటే చిన్నది. రెక్కలు ముడిచినప్పుడు పొడవు 2 మిల్లీమీటర్లు, రెక్కలు విప్పితే ఈ చివరి నుంచి ఆ చివరికి 4 నుంచి 5. ఫోటో తీద్దామంటే లెన్స్ దగ్గరికి రాగానే ఎగిరిపోతుంది. డబ్బాతో సహా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటుంది, చావదు. ఆ కొన్ని నిమిషాల్లో పక్కనుంచి, పైనుంచి ఫోటోలు తీయాలి. కింద తెల్ల కాగితం కంటే నీలం రంగు కాగితం పెడితే నయం, ఎందుకంటే పురుగే తెల్లగా ఉంటుంది.

ఫోటోను పెద్దది చేసి చూస్తే ఎంత అందమో! ముందు రెక్కలు వెండి తెలుపు. రెక్క మొదట్లో నిలువుగా రెండు నల్లని గీతలు. రెక్క నడుమ ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో ఒక గుర్తు. దాని తర్వాత కొస వైపు గోధుమ, పసుపు ఛాయలు. సరిగ్గా రెక్క కొసన గుండ్రని నల్ల చుక్క. వెనక రెక్కలు ఈకంత సన్నం, వాటి అంచు కుచ్చు వెంట్రుకలు రెక్క వెడల్పు కంటే పొడవు. ఈ నాలుగు గుర్తులూ, నిమ్మ జాతి చెట్టు, మధ్యలో ఒకటే నల్ల గీత ఉన్న చార, ఆకు అంచు మడతలో ప్యూపా, అన్నీ కలిపి చూస్తే ఇది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. గ్రాసిల్లారిడే కుటుంబం. ఆ కుటుంబంలో దాదాపు 2000 జాతులున్నాయి, వాటిలో చాలావరకు ఇట్లా ఆకుల్లో పెరిగేవే. మామిడి, జీడిమామిడి లేత ఆకుల మీద బొబ్బల్లా మచ్చలు పెట్టే అక్రోసెర్కాప్స్ కూడా దీని చుట్టమే. ఒక్క రెక్కల పురుగును మాత్రమే ఇచ్చి పేరు చెప్పమంటే ఇదే జాతి కుటుంబంలో తెల్లగా, చుక్కతో ఉండేవి ఇంకా ఉన్నాయి కాబట్టి నిపుణులు దాన్ని కోసి మైక్రోస్కోప్ కింద జననాంగాలు చూడాల్సి వస్తుంది. ఆకు చేతిలో ఉంటే మనలాంటి వాళ్ళు కూడా ధైర్యంగా పేరు చెప్పొచ్చు. ఫోటోతో పేరు చెప్పే మొబైల్ యాప్ కూడా రెక్కల పురుగు ఫోటోకు కుటుంబం దగ్గరే ఆగింది, చార ఉన్న నిమ్మ ఆకు ఫోటోకు సరైన పేరు చెప్పింది.

పేరు తెలిశాక దాని చరిత్ర చదివితే ఇది మన పురుగే అని తెలిసింది. 1856లో హెన్రీ టిబ్బట్స్ స్టెయింటన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేసింది కలకత్తా నుంచి వచ్చిన నమూనాలతోనే. నిమ్మ, నారింజ జాతులు పుట్టిన ఆసియా నేల ఇది, వాటితో పాటే ఈ పురుగూ ఇక్కడే పుట్టింది. 1993లో అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడి, కొద్ది కాలంలోనే అక్కడి నారింజ తోటలంతటా పాకింది. అక్కడ దాన్ని తినే అలవాటైన బదనికలు సరిపడా లేవు. అందుకని 1994లో ఆస్ట్రేలియా నుంచి అజెనియాస్పిస్ సిట్రికోలా అనే కందిరీగను తెప్పించి వదిలారు. ఆ కందిరీగ ఒక గుడ్డు పెడితే అది లోపల విడిపోయి అనేక పిల్లలవుతాయి. వాళ్ళు సముద్రాలు దాటించి తెచ్చుకున్నలాంటి సాయం మన పెరట్లో అడగకుండానే అందుతోంది. దాన్ని మందుతో చంపుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మారేడు సంగతి కూడా చెప్పాలి. నిమ్మ, మారేడు ఒకే కుటుంబం చెట్లు, ఈ పురుగు తిండి జాబితాలో మారేడు కూడా ఉంది. మా వీధి చివరి శివాలయం మారేడు చెట్టుకు వానలు పడ్డాక కొత్త ఇగురు వచ్చినప్పుడు చూస్తే, మూడాకుల దళాల మీద అవే వెండి చారలు. పూజారిగారిని అడిగి ఒక రెమ్మకు సంచి కట్టాను. అందులోంచి వచ్చిన రెక్కల పురుగుకూ కొసన నల్ల చుక్క, నడుమ అదే గుర్తు. అదే చెట్టు మీద నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు కూడా ఉన్నాయి, పక్షి రెట్ట రంగులో పడుకొని ఆకులను అంచునుంచి కొరుక్కు తింటున్నాయి. ఆకు కనిపించకుండా పోతే ఆ పిల్లల పని, ఆకు ఉండి మెరిస్తే మన పురుగు పని.

ఇక చెట్టుకు ఏం చేశామంటే, పెద్ద నిమ్మ చెట్టుకు ఏమీ చేయలేదు. బాగా ఎదిగిన చెట్టుకు ఈ పురుగుతో దిగుబడి పెద్దగా పోదు. ముడుచుకున్న ఆకులను కూడా తెంపలేదు, వాటి ఆకుపచ్చ భాగం ఇంకా పనిచేస్తోంది కాబట్టి. తెంపితే చెట్టు మళ్ళీ ఇగురు వేస్తుంది, ఆ ఇగురు పురుగుకు కొత్త విస్తరి. అమ్మవాళ్ళ చెలకలోని బత్తాయి మొక్కల సంగతి వేరు. నాటిన మొదటి మూడు నాలుగేళ్ళు మొక్కకు ఉన్నదే కొన్ని ఆకులు, అవి పాడైతే మొక్క గిడసబారుతుంది. పైగా చార చిరిగిన చోట నుంచి గజ్జి తెగులు బాక్టీరియా లోపలికి దూరుతుంది. వాన చినుకులతో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు చిమ్ముతుంది. నిమ్మకైతే గజ్జి ఇంకా ఎక్కువ.

అందుకని ఇగురు వచ్చే వారంలో మాత్రమే వేపనూనె కొట్టించాం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం సబ్బు నీళ్ళు. లోపలికి దూరిన పురుగును అది చంపదు. పైన కొట్టిన మందు ఏదైనా మైనపు పొర కిందికి దిగడం కష్టమే. వేపనూనె ఉన్న ఇగురు మీద తల్లి పురుగు గుడ్లు తక్కువ పెడుతుంది, మాకు కావాల్సింది అంతే. యూరియా ఒక్కసారే ఎక్కువ వేయకుండా తక్కువ తక్కువగా వేయమని బాపుకు చెప్పాను. ఎక్కువ వేస్తే ఆగకుండా ఇగురు వస్తూనే ఉంటుంది, పురుగుకు ఎప్పుడూ తిండి ఉంటుంది. "మిర్చికి గట్లనే చేస్తిమి, ముడతకు ఎదురు పోయినం" అని ఆయన తలూపాడు. అమ్మ మాత్రం మొక్కల దగ్గరికి పోయినప్పుడల్లా ఆకు తిరగేసి కందిరీగ రంధ్రాల కోసం వెతుకుతుంది. దొరికితే ఫోన్ చేస్తుంది.

ఇట్లాంటి పురుగును గుర్తించాలనుకునేవాళ్ళకు రెండు ముక్కలు. చార ఉన్న ఆకును పాత దినపత్రికలో పెట్టి బరువు కింద ఒత్తి ఆరబెట్టండి. చారలోని నల్ల గీత అట్లాగే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆకు పక్కనే ఒక చీటీ మీద చెట్టు పేరు, ఊరు, తేదీ, చార ఆకు ఏ వైపు ఉందో రాయండి. ప్యూపా పొట్టును చిన్న గాజు సీసాలో విడిగా దాచండి, తల మీది ముల్లు దానికే ఉంటుంది. రెక్కల పురుగు చనిపోతే దాన్ని కూడా అదే చీటీ నంబరుతో పెట్టండి. మా మేనకోడలు వాళ్ళ కాలేజీ ప్రయోగశాలకు నేను ఇచ్చినవి ఈ పద్ధతిలోనే సర్దినవి: నిమ్మవి, బత్తాయివి, మారేడువి వేర్వేరుగా, ప్రతి ఆకు పక్కన దాని పురుగు.